డాబాకు పిట్టగోడ



నాట్ల రోజుల్లో రేపల్లె వైపు ఒక సంఘాన్ని దర్శించడానికి వెళ్ళాను. ఊరంతా చేలల్లో ఉంది. ఒక సహోదరి మాత్రం వసారాలో మంచం మీద పడుకొని ఉంది. కాలు మోకాలి దాకా వాచింది, చలిజ్వరంతో వణుకుతోంది. "ఏమమ్మా, పనికి వెళ్ళలేదా?" అని అడిగాను. "బోదకాలు అయ్యగారూ. మళ్ళీ జ్వరం కొట్టింది. నా బదులు పిల్లను నాటుకు పంపాను" అన్నది. ఆ పిల్ల ఎనిమిదో తరగతి. అది బడి ఉన్న రోజు.

ప్రార్థన చేసి వచ్చేశాను గాని ఆ మాట నన్ను వదలలేదు. బీదరికం గురించి మాట్లాడేటప్పుడు మనం భూమి, నీరు, అప్పు, పంట ధర అని లెక్క వేస్తాం. రోగం లెక్క వేయం. ఈ జ్వరం వస్తే కొన్ని రోజులు మంచం దిగనివ్వదు. అయిదు రోజుల చొప్పున ఏడాదికి మూడుసార్లు వచ్చిందనుకోండి, పదిహేను రోజుల కూలి పోయినట్టే. పైగా మందుల ఖర్చు, ఆ ఖర్చుకు వడ్డీ, బిడ్డ చదువు. ఒక కుటుంబానికి జరిగింది ఊరికి జరిగితే ఊరు చితికిపోతుంది. దేశాల సంగతీ ఇంతే.

1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయ్యాక తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాలు అన్నపూర్ణలయ్యాయి. అయితే నీరు పారితే పంట, నిలిస్తే దోమ. మురుగులో పెరిగే క్యూలెక్స్ దోమ ఒకరి రక్తంలోని ఫైలేరియా పిల్లపురుగులను మరొకరికి చేరుస్తుంది. లోపల పురుగు ఉన్నా కాలు వాయనివారు చాలామంది. వారికే తెలియకుండా వారినుండి జబ్బు పాకుతుంది.

దీనికి మందు కనిపెట్టిన పరిశోధనను నడిపించినవాడు మన తెలుగువాడే. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు తర్వాత అమెరికా వెళ్ళారు. ఆయన నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో 1947లో డి.ఇ.సి. మందు బయటికొచ్చింది. మరుసటి ఏడే ఆయన కన్నుమూశారు. స్వదేశానికి తిరిగి రాలేదు గాని ఆయన మందు వచ్చింది. 2004 నుండి మన దేశంలో ఫైలేరియా ఉన్న జిల్లాల్లో ఆ మాత్రలను ఉచితంగా ఇంటింటికీ పంచుతూ వచ్చారు. రెండేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్ర రోగులకు తప్ప అందరికీ ఇస్తారు. మందు పిల్లపురుగులను చంపుతుంది గాని తల్లిపురుగు కొన్నేళ్ళు బ్రతికే ఉంటుంది. అందుకే ఏటేటా వేసుకోవాలి, ఊరిలో ఎక్కువమంది వేసుకోవాలి.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం మాత్రలు వచ్చాయి. ఆదివారం ఆరాధనలో ఆ సంగతి ప్రకటించినవాణ్ణి నేనే. తీరా మా యింటికి తెచ్చినప్పుడు "తర్వాత వేసుకుంటాలే అమ్మా" అని అల్మారాలో పెట్టాను. నాకేం జబ్బు అనుకున్నాను. ఇల్లు సర్దేటప్పుడు అవి మా ఇంటావిడ చేతికి దొరికాయి. ఆమె ఏమీ అనలేదు. ఒక్క చూపు చూసింది. అది చాలు.

ద్వితీయోపదేశకాండము 22:8 చదవండి. క్రొత్త ఇల్లు కట్టేవాడు డాబాకు పిట్టగోడ కట్టాలని దేవుడు ఆజ్ఞాపించాడు. ఎవరైనా పడితే ఆ దోషము ఇంటివాని మీదికి వస్తుంది. ఆ గోడ నీకోసం కాదు, నీ ఇంటికి వచ్చే పొరుగువానికోసం. నేను అల్మారాలో దాచిన మాత్ర నా పొరుగువానికి కట్టని పిట్టగోడ. పొరుగువానిని ప్రేమించమని ప్రసంగించి, గ్లాసెడు నీళ్ళతో అయ్యే పని చేయలేకపోయాను.

మన పొరుగు దేశాలు ఈ గోడ కట్టుకున్నాయి. బోదకాలు ఇక ప్రజారోగ్య సమస్య కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ శ్రీలంకకు 2016లో, బంగ్లాదేశ్‌కు 2023లో గుర్తింపునిచ్చింది. అవి ధనిక దేశాలై జబ్బును తరిమినవి కావు. 2027 నాటికి మన దేశమూ ఆ మేలు పొందాలని ప్రభుత్వం గురి పెట్టుకుంది.

కాబట్టి ప్రియులారా, మీ ఊరికి మాత్రలు వస్తే ఇంటిల్లిపాదీ, అన్నం తిన్నాక, ఇచ్చినవారి ఎదుటే మింగండి. కొంచెం జ్వరం, తల తిరగడం ఉంటే లోపల పురుగులు చస్తున్నాయని గ్రహించండి, భయపడకండి. మరుగుదొడ్డి గాలిగొట్టానికి వలగుడ్డ కట్టండి. గుడి ముందు మురుగు నిలవనీయకండి. కాలు వాచినవారు రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడుచుకుంటే జ్వరాలు తగ్గుతాయి. వరిబీజం ఉన్న సహోదరులు సిగ్గుపడి దాచుకోవద్దు, ఆపరేషన్‌తో నయమవుతుంది.

ఆ సహోదరి ఇప్పుడు రోజూ కాలు కడుగుకుంటోంది. వాపు పోలేదు గాని జ్వరం రావడం తగ్గింది. పిల్ల బడికి వెళ్తోంది. ఆ తల్లి కొరకు ప్రార్థించండి. నా వంటి బద్ధకస్తుల కొరకు కూడా ప్రార్థించండి.

ప్రభువు మీ కుటుంబములను కాపాడును గాక. ఆమేన్.