రాళ్ళు త్రవ్వి యేమి తినును?

పిల్లవాడు వైద్యుడు కావలెను, కానిచో ఇంజనీరు కావలెను. మూడవ మార్గమును తలచుటయే దోషమను ధర్మశాస్త్రమొకటి మన యిండ్లలో వెలసినది. దానిని రచించిన ఋషి యెవరో తెలియదు గాని, నిర్మల్ పట్టణమందలి విద్యావంతులు మరి యే స్మృతిని ఇంత నిష్ఠతో పాటించుట మేమెరుగము. రాక్షసబల్లులను గూర్చి గ్రుచ్చి గ్రుచ్చి యడుగు బాలబాలికలు మా తరగతులలో ఏటేట కనబడుచునే యున్నారు. పదవ తరగతి ముగియగనే వారి ప్రశ్నలును ముగియుచున్నవి. "రాళ్ళు త్రవ్వి యేమి తినును, మాస్టరుగారూ?" అని తండ్రులు మమ్మడుగుదురు.

అవి యెచ్చటి రాళ్ళో మొదట చూతము. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో, ప్రాణహితా పరిసరమున, యామనపల్లి యను గ్రామము కలదు. 2016 నుండి అది మంచిర్యాల జిల్లాలోనిది. అచ్చట లభించిన జురాసిక్ యుగపు టెముకలను పరిశోధించి, భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థవారగు పి. ఎం. యాదగిరిగారు 1988లో కోటసారస్ యామనపల్లియెన్సిస్ అని నామకరణ మొనర్చిరి. సుమారు 18 కోట్ల యేండ్ల నాటి యా జంతువు పేరిట మన పల్లె ప్రపంచ శాస్త్రగ్రంథముల కెక్కినది. మన బాలురలో దాని నెరిగినవారెందరు? ఆవలిగట్టున సిరొంచ ప్రాంతమున దొరకిన బరపసారస్ కలకత్తాలోని భారతీయ గణాంకశాస్త్ర సంస్థయందు నిలిచియున్నది. అన్నిటికిని మించి, గోండ్వానా యను ప్రాచీన ఖండనామమే మన గోండుల పేర నేర్పడినది!

ఉద్యోగములు కొద్ది యనుట నిజమే, కాదనము. కాని సింగరేణి యుద్యోగమనిన చేతులు జోడించు తండ్రి, ఆ బొగ్గును ఈ యెముకలును ఒక్క గోండ్వానా శిలాశ్రేణిలోనివేయని యెరుగడు. భూగర్భశాస్త్రము చదివినవానికి బొగ్గు, ఖనిజములు, భూగర్భజలము, అన్నియు జీవనోపాధులే. ఇంటర్మీడియట్‌లో విజ్ఞానశాస్త్రములు, బి.ఎస్సీ.లో భూగర్భశాస్త్రము, పిదప ఉస్మానియాలో ఎం.ఎస్సీ.: ఇదియే మార్గము. అటుపై యూ.పీ.ఎస్సీ. పరీక్షద్వారా సర్వేక్షణ సంస్థలో చేరవచ్చును; లేదా పైన చెప్పిన కలకత్తా సంస్థలోగాని, 1946లో స్థాపితమైన లక్నో బీర్బల్ సాహ్ని సంస్థలోగాని పరిశోధన చేయవచ్చును. జంతుశరీర నిర్మాణమును చక్కగా నేర్చినవారికి ఈ పని మరింత సుగమము. అయితే బొగ్గు పుట్టిన యీ నేలమీదనే భూగర్భశాస్త్రము బోధించు డిగ్రీ కళాశాలను దీపముపెట్టి వెదకవలసివచ్చుట మన ప్రాంతమునకు సిగ్గుచేటు. దీనినిగూర్చి పెద్దలు అర్జీయైన పెట్టరేల?

"ఆడుపిల్ల అడవులు పట్టి తిరుగుటయా?" అని తల్లుల యాక్షేపణ. మహలనోబిస్ గారి యాహ్వానమున 1957లో కలకత్తాకు వచ్చిన పామెలా రాబిన్‌సన్ స్త్రీయే. లండనునుండి వచ్చి యామె మన ప్రాణహితా గోదావరీ లోయలో శిలాజములను వెదకినది. ఆ దొరసానికి తగిన యడవి మన యమ్మాయికి తగకపోవుటెట్లు?

సెలవులలో హైదరాబాదునకు పోవువారు చార్మినారుతో సరిపెట్టుకొనక బిర్లా విజ్ఞానకేంద్రమునకు పోవలెను. కోటసారస్ అస్థిపంజర మందున్నది. అది యే యూరిదో పిల్లలకు చెప్పుడు. ఇంటికి వచ్చినపిమ్మట వారేమి యడిగినను, "తరువాత చూతము" అని మాత్రము త్రోసివేయకుడు.