కాల్ ఎత్తని బాబాయ్

2021 మే. సెకండ్ వేవ్ ఊపేస్తోంది. ఆఫీసు పనంతా గాజువాకలో మా మేడ మీది గదిలోనే. ఫ్రెండ్స్ కొందరు వార్డులో కోవిడ్ సర్వే చేస్తున్నాం, ఫారం చేసిపెట్టమంటే సరేనన్నాను. లాజిక్ చాలా సింపుల్. మూడుసార్లు కాల్ చెయ్యాలి, ఎత్తకపోతే ‘స్పందన లేదు’ అని పడిపోవాలి, తర్వాతి నంబరుకి వెళ్లిపోవాలి. ఎంత నీట్‌గా రాశానో అని మురిసిపోయాను కూడా.

వారం తర్వాత లిస్టు చూస్తుంటే తెలిసిన నంబరు కనిపించింది. మా బాబాయ్‌ది. పక్కన: స్పందన లేదు.

బాబాయ్‌కి పుట్టినప్పటి నుంచీ వినబడదు. కానీ వాట్సాప్‌లో మెసేజ్ పెడితే రెండు నిమిషాల్లో రిప్లై వస్తుంది. అంటే స్పందించనిది ఆయన కాదు. అడగడం చేతకానిది నా కోడ్‌కి.

పిన్నికి ఫోన్ చేస్తే, ‘మీ బాబాయ్‌కేం, బాగానే ఉన్నార్రా’ అంది. అదే రాసేసుకుంటే పనైపోయేది. ఎందుకో ఆయనకే మెసేజ్ పెట్టాను. ‘మూడు రోజులుగా ఆయాసం. మీ పిన్ని కంగారు పడుతుందని చెప్పలేదు. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఏం వింటాను? మాస్కుల వల్ల ఎవరి పెదాలూ కనబడట్లేదు’ అని వచ్చింది. ఆ సాయంత్రమే ఆస్పత్రికి తీసుకెళ్లాం. కోలుకున్నాడు. కానీ ఆ ‘స్పందన లేదు’ల్లో ఇంకెంతమంది బాబాయ్‌లు ఉన్నారో ఇప్పటికీ నాకు తెలీదు.

విశాఖలో మనకిది కొత్త పాఠం కాకూడదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ లీకై 12 మంది చనిపోయారు. సైరన్ మోగలేదని అందరం కోప్పడ్డాం. నిజమే. కానీ మోగినా వినబడని వాళ్ల సంగతి అడిగామా?

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. విపత్తుల్లో వాళ్లకీ సమాన రక్షణ ఉండాలని అందులో 8వ సెక్షన్ చెబుతోంది. మరి లెక్కలోనే లేనివాళ్లని కాపాడేదెలా?

అడిగే పద్ధతిలోనే చాలా ఉంది. ‘మీరు వికలాంగులా?’ అంటే మా అమ్మమ్మ కాదనే చెబుతుంది. ‘మెట్లు ఎక్కడం కష్టంగా ఉందా?’ అంటే అరగంట చెబుతుంది. వాషింగ్టన్ గ్రూప్ ప్రశ్నలని ప్రపంచమంతా వాడేవి ఇలాంటివే. చూపు, వినికిడి, నడక, జ్ఞాపకం, సొంత పనులు, మాట్లాడటం... వీటిలో ఎంత ఇబ్బందో అడుగుతారు. మొత్తం ఆరే ప్రశ్నలు. ఏ ఫారంలోనైనా పట్టేస్తాయి.

తర్వాత మా ఫారం మార్చాం. కాల్, మెసేజ్, వీడియో కాల్... ఏది కావాలో వాళ్లిష్టం. ఇంట్లోవాళ్లు సాయం చేయొచ్చు, జవాబు మాత్రం ఆ మనిషిదే. ఇది కూడా మా తెలివి కాదు. టెస్టింగ్‌కి బాబాయ్‌నే కూర్చోబెడితే మొదటి పది నిమిషాల్లో చెప్పినవి.

డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టు చెప్పేదాకా ఆగిన ఇంజినీర్లలో నేనూ ఒకణ్ని.

మీరూ ఓ పని చెయ్యండి. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని, ఈమధ్య మీరు పంపిన గూగుల్ ఫారం నింపి చూడండి. ఎక్కడ ఆగిపోయారో, అక్కడే ఎవరో ‘స్పందన లేదు’ అయిపోయారు.