అంగారకుడిపై నీళ్లు, ఆదోనిలో దప్పిక

అంగారక గ్రహంపై నీటి జాడలు కనిపించాయన్న వార్త వచ్చినప్పుడల్లా మన సంఘాల్లో ఒక మాట వినిపిస్తుంది. 'ఆదోనిలో, ఎమ్మిగనూరులో ఎండాకాలం బిందెడు నీళ్లకు అల్లాడుతుంటే, ఆకాశంలో నీళ్లు వెతకడమెందుకు?' అని. ఆ మాటలో బాధ ఉంది. దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. కానీ ఆ కోపం చూపించవలసింది శాస్త్రవేత్తల మీద కాదని మేము నమ్ముతున్నాం.

మన శ్రీహరికోట నుంచి 2013 నవంబరు 5న బయలుదేరిన మంగళయాన్ 2014 సెప్టెంబరు 24న అంగారకుడి కక్ష్యలోకి చేరింది. దానికైన ఖర్చు సుమారు 450 కోట్ల రూపాయలు. అంతకుముందే, 2008లో, అమెరికా పంపిన ఫీనిక్స్ నౌక ఆ గ్రహం ఉత్తర ధ్రువ ప్రాంతంలో నేలను తవ్వింది. బయటపడిన తెల్లని ముక్కలు కొద్ది రోజుల్లోనే మాయమయ్యాయి. అవి మంచుగడ్డలని అప్పుడు తేలింది. 2021 ఫిబ్రవరిలో దిగిన పర్సెవరెన్స్ వాహనం, ఒకప్పుడు నది వచ్చి సరస్సులో కలిసిన చోట రాళ్లను పరిశీలించింది. భూమికి పది, ఇరవై కిలోమీటర్ల లోతున బోరు వేసినట్టు ఊహించుకోండి. అంగారకుడిలో దాదాపు అంత లోతున, రాళ్ల పగుళ్లలో నీరు ఉండవచ్చని 2024లో కొందరు శాస్త్రవేత్తలు అంచనా వేశారు.

ఇదంతా దేవుని చేతిపనిని చదవడమే. దావీదు ఆకాశాన్ని చూసి సృష్టికర్తను స్తుతించాడు. అదే ఆకాశాన్ని యంత్రాలతో శోధించేవారిని తప్పుపట్టడానికి విశ్వాసికి కారణమేమీ లేదు. అయితే 115వ కీర్తన మరో సంగతి గుర్తు చేస్తుంది. ఆకాశాలు ప్రభువువి, భూమిని మాత్రం ఆయన నరులకు అప్పగించాడు. అప్పగించినదానికి లెక్క అడుగుతాడు.

ఆ లెక్క ఎలా ఉందో మన పశ్చిమ ప్రాంతంలో చూద్దాం. ఇక్కడ నది లేదా? మంత్రాలయం పక్కనే తుంగభద్ర పారుతోంది. హోస్పేట దగ్గర కట్టిన ఆనకట్ట 1953 నాటికే సిద్ధమైంది. అక్కడి నుంచి దిగువ కాలువ బళ్లారి జిల్లా మీదుగా మన ఆదోని, ఎమ్మిగనూరు వైపు వస్తుంది. దారి పొడవునా తోడుకోగా మిగిలిందే చివరి పొలానికి. జలాశయంలో పూడిక పేరుకుని, 133 టీఎంసీలుగా ఉన్న సామర్థ్యం సుమారు 105 టీఎంసీలకు పడిపోయింది. 2024 ఆగస్టు 10 రాత్రి ఒక గేటు కొట్టుకుపోయి, నిండిన జలాశయం నుంచి నీళ్లు వృథాగా పోయాయి. వానలు మొహం చాటేసిన ఏడు కుటుంబాలకు కుటుంబాలే ఇళ్లకు తాళాలు వేసి మిరప కోతలకు గుంటూరు వైపు బండెక్కుతాయి. ఆ నెలల్లో పల్లె మందిరాల్లో ముసలివాళ్లే మిగులుతారు.

అంగారకుడిపై నీళ్లెక్కడున్నాయో తెలియక వెతుకుతున్నారు. ఇక్కడ నీళ్లెక్కడున్నాయో అందరికీ తెలుసు. అవి అందరికీ అందడమే లేదు.

ఇస్సాకు సేవకులు బావి తవ్వితే గెరారు కాపరులు ఆ నీళ్లు మావేనని తగాదాకు దిగారు. మరొకటి తవ్వితే దానికీ అంతే. ఇస్సాకు పోట్లాడలేదు, తవ్వడమూ మానలేదు. మూడో బావి దగ్గర ఎవరూ అడ్డు రాలేదు. ఆదికాండం 26వ అధ్యాయంలో ఈ సంగతి చదివినప్పుడు కాలువ గట్టు మీది తగాదాలు గుర్తుకు రాకమానవు. పైవాళ్లు వదలలేదని నిందించడం తేలిక. కానీ పైవాడూ రైతే, వాడికీ పిల్లలున్నారు. న్యాయమైన వాటా కోసం గట్టిగా అడగాలి. దానితోపాటు మన ఊరి చెరువు పూడిక మనమే తీయాలి, మందిరం కప్పు మీద పడే వాన నీటికి ఇంకుడు గుంత మనమే తవ్వాలి.

ఇంకొకటి ఉంది. మన సంఘాల్లో చాలామంది తాతముత్తాతలు ఊరి బావి దగ్గరికి రావద్దన్న మాట విన్నవాళ్లే. దూరంగా నిలబడి, ఎవరో జాలిపడి పైనుంచి పోస్తే దోసిళ్లతో తాగినవాళ్లే. అందుకే సమరయ స్త్రీని యేసు ప్రభువు నీళ్లు అడిగిన సంగతి వాళ్లకు అంతగా నచ్చింది. అంటరాని చేతి నీళ్లు అడిగిన దేవుణ్ణి వాళ్లు అక్కడ చూశారు. ఆ ప్రభువును ఆరాధించే మందిరం ఆవరణలో బోరు ఉంటే, దాని గేటుకు తాళం పడకూడదు. మన సంఘమా, వేరే సంఘమా, ఏ కులం, ఏ మతం అని బిందె పట్టుకుని వచ్చినవాణ్ణి అడగకూడదు.

కాబట్టి వచ్చే ఎండాకాలానికి ముందే ప్రతి సంఘ కమిటీ కూర్చుని ఒక్క తీర్మానం చేసుకోవాలని మా మనవి. మందిరం కుళాయి ఏ వేళ నుంచి ఏ వేళ వరకు ఊరందరికీ తెరిచి ఉంటుందో పలక మీద రాసి గేటుకు కట్టండి. ముసలివాళ్లున్న ఇళ్లకు బిందెలు మోసే పని యువజనులకు అప్పగించండి. గిన్నెడు చన్నీళ్లకు కూడా ప్రతిఫలం ఉందని చెప్పిన ప్రభువు, ఆ బిందెలనూ లెక్కపెడతాడు.