డిగ్రీల 47 శాతమే వచ్చిందా? ఎంబీఏ దారి మూసుకపోలే

ఫలితాలు వచ్చినప్పుడల్లా ఏజెన్సీ పిల్లల నోట ఒక్కటే మాట: "అన్నా, యాభై కూడ రాలే, ఇగ నాకు ఎంబీఏ ఎక్కడిది?" చర్ల, దుమ్ముగూడెం, గుండాల, పినపాక, ఏ దిక్కు పోయినా ఇదే బాధ. ఈ మాటల సగం నిజం, సగం ఉత్త భయం. రెండూ విడదీసి చూడాలె.

ముందుగాల మార్కులు ఎందుకు తగ్గినయో చూద్దాం. ఇంటర్ దాక తెలుగుల చదివి, డిగ్రీల ఒక్కసారే ఇంగ్లీషుల పడ్తం. 2022 జూలైల భద్రాచలం కాడ గోదారి 71.3 అడుగులకు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తరు. ఇల్లు మునిగినోడు పుస్తకం ఎట్ల పట్టాలె? ఎండకాలం వస్తే తునికాకు కోతకు ఇంటిల్లిపాది అడవికి పోవాలె. ఇవేవీ మార్కుల మెమోల కనపడయి.

ఇగ రూల్ సంగతి. క్యాట్ రాయాలంటే డిగ్రీల 50 శాతం కావాలె, ఎస్సీ, ఎస్టీలకు 45 చాలు. మన ఐసెట్‌కు కూడ జనరల్‌కు 50, రిజర్వేషన్ ఉన్నోళ్లకు 45. ఐసెట్ల ర్యాంకు పరీక్ష మార్కుల మీదనే ఇస్తరు. అంటే 47 ఉన్న పిల్ల, 74 ఉన్న పిల్లగాడు ఒక్క గీత మీద నిలబడ్తరు. 200 ప్రశ్నలు, రెండున్నర గంటలు. ఎస్సీ, ఎస్టీలకు కనీస అర్హత మార్కు కూడ లేదు.

నిజమైన సగం ఐఐఎంల కాడ ఉన్నది. క్యాట్ ఒక్కటి కొడితే సరిపోదు. అహ్మదాబాద్ అసోంటి చోట పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మార్కులన్నిటికి పాయింట్లు వేస్తరు. ఎస్టీలకు 7.5 శాతం సీట్లు చట్టం ఇచ్చింది, కని ఆ సీట్ల కోసం పోటీపడేటోళ్ల నడుమ మళ్ల పాత మార్కులే లెక్కకొస్తయి. అయిపోయిన డిగ్రీని మార్చలేం. మిగిలినవి మన చేతుల ఉన్నయి.

మొదటిది, పరీక్ష స్కోరు. మార్కులు తక్కువున్నోళ్లకు గిదే పెద్ద జవాబు. రెండోది, పని. చాన ఐఐఎంలు అనుభవానికి కూడ పాయింట్లు ఇస్తయి. ఉద్యోగం చేస్తే జీతం కాయితాలు, అనుభవ పత్రం దాచుకోండ్రి. మహిళా సంఘం లెక్కలు రాసినా, జీసీసీకి ఇప్పపువ్వు, చింతపండు తూకం చేసినా, ఖమ్మం యార్డుల మిర్చి అమ్మిపిచ్చినా, ఇంటర్వ్యూల చెప్పనీకె అదే అసలు సరుకు. ఎన్ని క్వింటాళ్లు, ఎంత ధర, ఏం మారింది, అంకెలతోని చెప్పాలె. మూడోది, స్వయం పోర్టల్ల అకౌంట్స్, స్టాటిస్టిక్స్ కోర్సు చేసి సర్టిఫికెట్ పరీక్ష రాయండ్రి. ఇప్పుడు చదవగలుగుతున్ననని అది చూపెడ్తది. నాలుగోది, మార్కులెందుకు తగ్గినయని అడిగితే రెండు ముక్కల్ల నిజం చెప్పండ్రి. ఏడుపొద్దు, అబద్ధమొద్దు. ఆ వెంటనే తర్వాత ఏం చేసిన్రో చెప్పండ్రి.

సర్కారును కూడ అడగాలె. మన దగ్గర కోచింగ్ అంటే గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ కొలువులే. భద్రాచలం ఐటీడీఏ ఐసెట్, క్యాట్‌కు ఎందుకు ఏటా కోచింగ్ పెట్టొద్దు? విదేశీ విద్యానిధికి డిగ్రీల 60 శాతం అడిగితే, వరదల చదివిన పిల్లలు ఎట్ల అందుకుంటరు? అడవి సరుకు మనది, దాని బేరం మాత్రం బయటోళ్లది. మిర్చి పండిచ్చేది మనం, ధర చెప్పేది ఇంకోడు. ఆ బేరం చదువు మన పిల్లలకు రాకుండ ఈ లెక్క మారది.

క్యాట్ దరఖాస్తులు ఆగస్టు, సెప్టెంబర్ల ఉంటయి, ఎస్సీ, ఎస్టీలకు ఫీజు సగమే. గోదారి పొంగేది కూడ అప్పుడే. కుల ధ్రువపత్రం, మెమోలు జూన్లనే తీసి, ఫోన్ల ఫొటోలు దాచిపెట్టుకోండ్రి.