క్షమాపణ ఎవరికి చెబుతున్నట్టు?

2023 అక్టోబర్ 1న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మహిళల హెప్టాథ్లాన్ ముగిసింది. రెండు రోజుల్లో ఏడు పోటీలు. తెలంగాణ అమ్మాయి అగసర నందిని 5,712 పాయింట్లతో కాంస్యం గెలిచింది. 5,708 పాయింట్లతో నాలుగో స్థానంలో మిగిలిపోయింది బెంగాల్ క్రీడాకారిణి స్వప్నా బర్మన్. 2018లో జకార్తాలో ఇదే పోటీలో బంగారు పతకం తెచ్చింది ఆమే. తేడా నాలుగంటే నాలుగు పాయింట్లు. ఆ అక్కసులో స్వప్న సోషల్ మీడియాలో ఒక పోస్టు పెట్టింది. తన కాంస్యం ఒక ట్రాన్స్‌జెండర్ మహిళకు పోయిందనీ, దాన్ని తిరిగి ఇప్పించాలనీ దాని సారాంశం. ఆధారం ఒక్కటీ లేదు. తర్వాత పోస్టు తీసేసింది గానీ, అప్పటికే స్క్రీన్‌షాట్లు దేశమంతా తిరిగొచ్చాయి.

నందిని తండ్రి టీ అమ్మి ఇల్లు నడిపిన మనిషి. ఆమె సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకున్న పిల్ల. ఇంగ్లిషులో ప్రకటనలు రాసిపెట్టే మేనేజర్లు అలాంటి ఇంటికి ఎక్కడి నుంచి వస్తారు? పతకం గెలిచిన వెంటనే ఆమె తాను ఆడపిల్లనేనని లోకానికి చెప్పుకోవాల్సి వచ్చింది. ఆధారాలుంటే చూపించమని మాత్రమే అడిగింది. ఇలాంటి నింద ఎంత బరువో తెలియాలంటే శాంతి సౌందరరాజన్‌ను తలచుకోవాలి. 2006 దోహా ఆసియా క్రీడల్లో గెలిచిన రజతాన్ని లింగ నిర్ధారణ పరీక్ష పేరుతో ఆమె నుంచి వెనక్కి తీసుకున్నారు. 2014లో ఇలాంటి పరీక్ష పేరుతోనే ద్యుతీ చంద్‌ను కామన్వెల్త్ క్రీడల జట్టు నుంచి తప్పించారు. అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం దాకా వెళితే గానీ ఆమెకు మళ్లీ ట్రాక్ దక్కలేదు.

కొద్ది రోజులకు స్వప్న బహిరంగంగా క్షమాపణ చెప్పింది. అందులో మెచ్చుకోదగ్గవి రెండు. నందిని పేరు పెట్టి చెప్పింది. నింద వేసిన చోటే చెప్పింది. 'ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే' అనే అరిగిపోయిన వాక్యం వెనక దాక్కోలేదు. అయితే అప్పుడు తన మానసిక స్థితి బాగోలేదన్న సంజాయిషీ కూడా జతచేసింది. సంజాయిషీ పక్కన నిలబడితే క్షమాపణ ఎప్పుడూ కాస్త పొట్టిగానే కనిపిస్తుంది. ట్రాన్స్‌జెండర్ అన్న మాటను తిట్టులా వాడటం మరో తప్పు. దాని గురించి మాట్లాడినవాళ్లు తక్కువే.

ఈ ఉదంతం నుంచి ఒక కొలబద్ద దొరుకుతుంది. క్రీడాకారుడు పదిహేను మైకుల ముందు కూర్చున్నా, అతని మాట చేరాల్సింది మైకులు పట్టుకున్నవాళ్లకు కాదు. గాయపడ్డ మనిషికి, మోసపోయిన ఆటకు. మీడియా దారి మాత్రమే. మన దగ్గర చాలా క్షమాపణలు ఆ దారిలోనే ఆగిపోతున్నాయి. విలేకరులను శాంతపరిస్తే పని అయిపోయిందనుకుంటారు.

డేవిడ్ వార్నర్‌ను తెలుగువాళ్లు ఇంటివాడిగా చేసుకున్నారు కాబట్టి ఆయన సంగతీ చూడాలి. 2018 మార్చి 24న కేప్‌టౌన్ టెస్టులో ఆస్ట్రేలియా ఆటగాడు బాంక్రాఫ్ట్ ఉప్పుకాగితంతో బంతిని గీకుతూ కెమెరాకు చిక్కాడు. స్మిత్, వార్నర్‌లకు ఏడాది, బాంక్రాఫ్ట్‌కు తొమ్మిది నెలలు నిషేధం పడింది. సన్‌రైజర్స్ హైదరాబాద్ కెప్టెన్సీ కూడా వార్నర్ వదులుకోవాల్సి వచ్చింది. స్మిత్ తండ్రిని పక్కన పెట్టుకుని ఏడ్చాడు, కెప్టెన్‌గా తప్పు తనదే అన్నాడు. రెండు రోజుల తర్వాత సిడ్నీలో వార్నర్ కూడా ఏడ్చాడు. రాసుకొచ్చిన కాగితం చదివాడు. ఈ పథకం ఇంకెవరికి తెలుసు, ఇంతకు ముందూ ఇలా చేశారా అని అడిగితే, తన పాత్రకు తాను బాధ్యత తీసుకుంటున్నానన్న మాటే తిప్పితిప్పి చెప్పాడు. ఆ కన్నీళ్లు బూటకమని ఎవరూ అనలేరు. కానీ అడిగిన ప్రశ్న అడిగినట్టే ఉండిపోయింది.

ఉండిపోయిన ప్రశ్న ఊరుకోదు. 2021లో బాంక్రాఫ్ట్ ఒక ఇంటర్వ్యూలో బౌలర్లకూ తెలిసే ఉంటుందన్న అర్థం వచ్చేలా మాట్లాడేసరికి రచ్చ మళ్లీ మొదలైంది. కెప్టెన్సీపై తనకున్న జీవితకాల నిషేధాన్ని ఎత్తేయమని 2022లో పెట్టుకున్న దరఖాస్తును, విచారణ బహిరంగంగా జరుగుతుందని తెలిశాక వార్నర్ వెనక్కి తీసుకున్నాడు. అది తొలగేసరికి 2024 అక్టోబర్ వచ్చింది. ఒక రోజు తప్పించుకున్న జవాబు ఆరున్నరేళ్లు వెంటాడింది.

హైదరాబాద్‌లో మాత్రం లెక్క వేరేగా నడిచింది. 2019 ఐపీఎల్‌లో వార్నర్ 692 పరుగులు చేశాడు, ఉప్పల్ ఊగిపోయింది. మరుసటి ఏడాది లాక్‌డౌన్‌లో 'బుట్టబొమ్మ' పాటకు కుటుంబంతో కలిసి అడుగులేశాడు. ఇక కేప్‌టౌన్ ఎవరికి గుర్తుంటుంది? 2025 మార్చిలో 'రాబిన్‌హుడ్' సినిమా వేడుకలో నటుడు రాజేంద్రప్రసాద్ ఆయన మీద నోరుజారి, ఆ తర్వాత వీడియోలో క్షమాపణ చెప్పుకోవడం ఈ కథలో ఎవరూ ఊహించని మలుపు. అభిమానులకు క్షమించే హక్కు ఉంది. అయినా 692 పరుగులు 692 పరుగులే, అవి క్షమాపణ కావు. బాగా ఆడితే చాలు, అడిగేవాడుండడని కుర్రాళ్లకు నేర్పుతున్నది మన చప్పట్లే.

పరుగులు చేసే ఈ పని మరో చోట ఓట్లు చేశాయి. 2000 ఏప్రిల్ 7న ఢిల్లీ పోలీసులు దక్షిణాఫ్రికా కెప్టెన్ హాన్సీ క్రోనియెపై మ్యాచ్ ఫిక్సింగ్ కేసు పెట్టారు. మొదట అంతా అబద్ధమన్న క్రోనియె, నాలుగు రోజులకు తెల్లవారుజామున మూడింటికి బోర్డు అధిపతి అలీ బాకర్‌కు ఫోన్ చేసి తాను పూర్తి నిజం చెప్పలేదని ఒప్పుకున్నాడు. జూన్‌లో కింగ్ కమిషన్ ముందు భారత మాజీ కెప్టెన్ అజహరుద్దీన్ పేరు తెచ్చాడు. 1996లో కాన్పూర్‌లో తనకు బుకీని పరిచయం చేసింది ఆయనేనన్నాడు. అజహర్ ఖండించాడు. మైనారిటీ వర్గం వాడిని కాబట్టే తనను గురిచేశారని అన్నాడు. ఆ ఒక్క మాటతో చర్చ ఆట నుంచి పక్కకు జరిగి, ఆయన్ను నమ్మేవాళ్లకూ నమ్మనివాళ్లకూ మధ్య గోడ లేచింది. ఆయన తప్పు ఒప్పుకున్నట్టు సీబీఐ తన నివేదికలో రాసింది. ఆయన దాన్నీ తోసిపుచ్చాడు. డిసెంబర్ 5న బీసీసీఐ జీవితకాల నిషేధం విధించింది. చివరి టెస్టులో బెంగళూరులో 102 పరుగులు చేసిన మణికట్టు మాంత్రికుడి లెక్క 99 టెస్టుల దగ్గర ఆగిపోయింది.

2012 నవంబర్ 8న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదని తీర్పు చెప్పింది. చట్టం ముందు ఆ విషయం అక్కడితో తేలిపోయింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. అప్పటికే ఆయన మొరాదాబాద్ నుంచి గెలిచి లోక్‌సభలో ఉన్నాడు. ఆ తర్వాత హైదరాబాద్ క్రికెట్ సంఘం అధ్యక్షుడయ్యాడు, 2025లో తెలంగాణ మంత్రి అయ్యాడు. కానీ ఎల్బీ స్టేడియం గోడల మీద కూర్చుని ఆయన్ను చూసిన తరానికి కావలసింది వేరు. ఎవరు ఏమన్నారు, అందులో ఏది అబద్ధం, ఏది నిజం అని వరసగా ఆయన నోటితోనే వినాలని వాళ్లకుండేది. గుర్తుండిపోయినవి మాత్రం ఖండనలూ కోర్టు తేదీలూ. క్రోనియె దోషి, పైగా ఒప్పుకోలులోనూ ఎంతో దాచాడన్న అనుమానాలు మిగిలే ఉన్నాయి. అయినా ఆ తెల్లవారుజాము ఫోన్ లేకపోతే ఫిక్సింగ్ సంగతి ఇంత తొందరగా బయటపడేది కాదు.

ఇదంతా విని, ఆరోపణ రాగానే చేతులు జోడించమని ఎవరైనా సలహా ఇస్తే అది తప్పుడు సలహా. సాక్ష్యం కోసం దూరం పోనక్కర్లేదు. 2021 సెప్టెంబర్‌లో హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం (జేఎన్ఎస్)లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగినప్పుడు, పంజాబ్ అమ్మాయి హర్‌మిలన్ బెయిన్స్ 1500 మీటర్లను 4 నిమిషాల 5.39 సెకన్లలో పరుగెత్తి జాతీయ రికార్డు బద్దలుకొట్టింది. అప్పటిదాకా ఆ రికార్డు 2002 బూసాన్‌లో సునీతా రాణి పేరిట ఉంది. అదే బూసాన్‌లో సునీత డోప్ పరీక్షలో నాండ్రోలోన్ దొరికిందని పతకాలు లాక్కున్నారు. ఆమె ఒప్పుకోలేదు, పోరాడింది. ప్రయోగశాల పనిలోనే లోపాలున్నాయని తేలింది, పతకాలు తిరిగొచ్చాయి. ఆ రోజు మీడియా ఒత్తిడికి తలొగ్గి 'సారీ' అని ఉంటే, హన్మకొండలో బద్దలుకొట్టడానికి ఆ రికార్డు మిగిలేదా?

క్షమాపణను లొంగదీసే సాధనంగా వాడే సంఘాలూ ఉన్నాయి. 2013లో ఇండియన్ బ్యాడ్మింటన్ లీగ్‌లో ప్రత్యర్థి జట్టు చివరి నిమిషంలో ఆటగాడిని మార్చడంపై గుత్తా జ్వాల జట్టు అభ్యంతరం చెప్పింది, మ్యాచ్ ఆలస్యమైంది. దానికి బ్యాడ్మింటన్ సంఘం క్రమశిక్షణ కమిటీ జీవితకాల నిషేధం దాకా వెళ్లింది. బేషరతు క్షమాపణ కావాలంది. ఆమె ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది, ఆడే వీలు తెచ్చుకుంది, మరుసటి ఏడాది కామన్వెల్త్‌లో అశ్విని పొన్నప్పతో కలిసి రజతం గెలిచింది. సంఘంతో విభేదించడం నేరం కానప్పుడు దానికి క్షమాపణ ఎందుకు?

జ్వాలకు లాయర్లు దొరికారు. జనగామ, మహబూబాబాద్ పిల్లలు రైలెక్కి కాజీపేటలోనో వరంగల్‌లోనో దిగి, భూపాలపల్లి పిల్లలు పరకాల మీదుగా బస్సులో వచ్చి, జేఎన్ఎస్‌లో పరుగెత్తేటప్పుడు వెంట ఉండేది పీఈటీ సారు ఒక్కడే. పొరుగునే పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వెళ్లి పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన జీవంజి దీప్తి చిన్నప్పుడు ఆ ఇల్లు విన్న సూటిపోటి మాటలు అందరికీ తెలిసినవే. మాట పడి ఊరుకోవడం ఇక్కడి పిల్లలకు ముందే అలవాటు. డోపింగ్ దగ్గర ఆ అలవాటు పనికిరాదు. శరీరంలో నిషిద్ధ పదార్థం దొరికితే ఎలా వచ్చిందో చెప్పుకోవాల్సిన భారం ఆటగాడిదే. తెలియక తాగాననడం శిక్షను తగ్గించవచ్చు గానీ, ఉల్లంఘనను చెరిపేయదు. 2019లో పృథ్వీ షాకు ఎనిమిది నెలల నిషేధం తెచ్చింది దగ్గు మందే. అలాంటి సీసా ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది.

డోపింగ్‌లో ఒప్పుకోలుకు కచ్చితమైన ధర ఉంది. 2021 ప్రపంచ డోపింగ్ నిరోధక నియమావళి ప్రకారం, నాలుగేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే తప్పును అభియోగ నోటీసు అందిన 20 రోజుల్లోగా ఒప్పుకుని శిక్షకు తలవంచితే ఒక ఏడాది తగ్గుతుంది. తప్పు చేయలేదనుకుంటే బి శాంపిల్ పరీక్ష కోరవచ్చు. ఒప్పుకుని ఆ ఏడాది తగ్గించుకోవాలా వద్దా అన్నది ఆ 20 రోజుల్లోనే తేల్చుకోవాలి. ఈలోపు జిల్లా ఎడిషన్‌లో ఫొటో పడుతుంది, యూట్యూబ్ ఛానల్ వాళ్లు ఇంటి ముందుకొస్తారు. కంగారులో తండ్రో కోచో అనే మాట రేపు విచారణలో కాగితమై కూర్చుంటుంది. పదహారేళ్ల పిల్ల పేరు, ఊరు, తండా వేయకుండా వార్త రాయడం విలేకరికి కష్టమేమీ కాదు.

పాఠశాల క్రీడల సమాఖ్య (ఎస్‌జీఎఫ్) పోటీలకు జట్లను ఎంపిక చేసే రోజునే ఈ రెండు విషయాలూ తెలుగులో ఒక కాగితం మీద రాసి ఇవ్వవచ్చు: ఏ మందు వాడే ముందు ఎవరిని అడగాలి, నోటీసు వస్తే ముందు ఎవరికి చూపించాలి. ప్రతి జిల్లాలోనూ న్యాయ సేవాధికార సంస్థ ఉంది, అక్కడి ఉచిత న్యాయ సాయాన్ని క్రీడా శాఖ ఈ పిల్లలకు చూపించాలి. జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ (నాడా) నోటీసు ఇంగ్లిషులో వస్తుంది. కేసముద్రం దగ్గరి ఏ తండాలోనో దాన్ని చదివి చెప్పేవాళ్ల కోసం వెతికేసరికే 20 రోజుల్లో కొన్ని గడిచిపోతాయి.