గుర్రాలు సరే, కళ్ళెమేదీ?

ముందుగా చేరినవాళ్ళకి ఫైన్ వేసే రోడ్డు ఎక్కడైనా చూశారా? మనూర్లోనే ఉంది. తిరుమల ఘాట్ రోడ్డులో బండి ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని రూలు. అంతకంటే ముందే వచ్చేస్తే అంత స్పీడుగా ఎందుకొచ్చావని అడుగుతారు. ఫస్టియర్‌లో ఈ రూలు విని మా గ్యాంగంతా తెగ నవ్వుకున్నాం. "లేటైతే ఫైన్ వేసేది చూసినాం గానీ, ఇదేం రేసురా సామీ" అని.

ఇప్పుడు నేను థర్డియర్ మెకానికల్. ఈ మధ్య ఆ 40 నిమిషాల మీద ఒక చిన్న లెక్క వేసుకున్నాను. అప్పట్నుంచీ నవ్వు రావడం లేదు. ఆ లెక్క చెప్పే ముందు, అది ఎందుకు వేయాల్సి వచ్చిందో చెప్పాలి.

మన కాలేజీ రేస్ కార్ టీమ్‌లో నేనూ ఒకణ్ణి. పోయినేడు మా కారు సంగతి మీలో చాలామందికి తెలుసు. పోస్టర్లు, రీల్సు, కాంపౌండ్ గోడ మీద పెయింటింగు, అన్నింట్లోనూ ఒకటే మాట: "40 హార్స్‌పవర్". బైక్ నుంచి తీసిన సింగిల్ సిలిండర్ ఇంజన్ మాది. ఐదు నెలలు దాంతోనే కాపురం చేశాం. ఇన్‌టేక్ మూడుసార్లు మార్చాం, ఎగ్జాస్ట్ పైపు నాలుగుసార్లు వంచాం. బ్రేకులు మాత్రం బయల్దేరడానికి నాలుగు రాత్రుల ముందు బిగించాం.

మా నాయన ఆర్టీసీ డ్రైవర్. ఎన్నో ఏళ్ళు కొండ డ్యూటీ చేసినాడు. బయల్దేరే రోజు ఫోన్ చేసి, "బాగా పరిగెత్తేది సరే, బాగా నిలబడతాదా అబ్బోడా?" అని అడిగినాడు. "అది రేస్ కారు నాయనా, బస్సు కాదు" అన్నాను, పక్కనున్న ఫ్రెండ్స్ వైపు చూసి నవ్వుతూ.

ఆ పోటీల్లో ట్రాక్ మీదకి వదిలే ముందు బ్రేక్ టెస్ట్ ఉంటుంది. కారు వేగం అందుకున్నాక బ్రేక్ తొక్కితే నాలుగు చక్రాలూ లాక్ అవ్వాలి. మాకు వెనక రెండే లాక్ అయ్యాయి. ముందువి హాయిగా తిరుగుతూ పోయాయి. పెడల్ మెత్తగా లోపలికి దిగుతోంది, లైన్లో గాలి చేరింది. గాలి తీశాం, మళ్ళీ వెళ్ళాం. మళ్ళీ అంతే. మూడోసారి క్యూలో ఉండగా టైమ్ అయిపోయింది. 40 గుర్రాల మా కారు ఒక్క ల్యాప్ కూడా తిరగకుండా లారీ ఎక్కింది. రాత్రి ఫోన్లో నాయనకి చెప్తే ఏమీ అనలేదు. "అన్నం తిన్నావా?" అన్నాడు. ఆ మాటకంటే తిట్టుంటే బాగుండేది.

అందుకే ఈ వ్యాసం. నా వాదన ఒక్కటే. హార్స్‌పవర్ అనే నంబర్‌ని మనం తప్పు చోట పెట్టి చూస్తున్నాం. ఎంత పుట్టింది అనేది సగం ప్రశ్నే. ఎంత పట్టుకోగలిగాం అన్నది మిగతా సగం.

నాకూ గుర్రాల పిచ్చి లేదనుకోకండి. నేను టీమ్‌లో చేరిందే రాత్రి రెండింటికి హాస్టల్లో ఒక టాప్ ఫ్యూయెల్ డ్రాగ్‌స్టర్ వీడియో చూసి. అమెరికాలో తిన్నటి ట్రాక్ మీద రెండేసి బండ్లు పోటీపడే రేసు అది. 8.2 లీటర్ల వీ8 ఇంజన్, నెత్తిన సూపర్‌చార్జర్, సుమారు 11,000 హార్స్‌పవర్. మనింటి ముందుండే 100 సీసీ స్ప్లెండర్‌ది 8. లీటర్ లెక్కన స్ప్లెండర్ 80 ఇస్తుంటే, ఈ రాక్షసి 1,300 దాటిస్తుంది.

ఇదెలా సాధ్యం? ఇంజన్లోకి ఇంధనం పోయడం పెద్ద పని కాదు. దాన్ని కాల్చేంత గాలి పంపడమే కష్టం. కిలో పెట్రోల్ సరిగ్గా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. వీళ్ళు వాడే నైట్రోమీథేన్ తన అణువులోనే ఆక్సిజన్ పెట్టుకుని వస్తుంది, సద్దిమూటతో పనికొచ్చిన మనిషిలాగా. దానికి కిలోకి 1.7 కిలోల గాలి చాలు. నిజానికి కిలోకి కిలో చూస్తే నైట్రోమీథేన్‌లో ఉండే శక్తి పెట్రోల్‌లో నాలుగో వంతే. కానీ అదే గాలితో ఎనిమిదింతలకు పైగా ఇంధనం కాల్చొచ్చు కాబట్టి, లోపలికొచ్చిన ప్రతి కిలో గాలికీ రెండింతలకు మించిన శక్తి పుడుతుంది. థర్మో క్లాసులో ఎయిర్-ఫ్యూయెల్ రేషియో చెప్తుంటే నిద్రపోయినవాళ్ళు ఈ పేరా రెండుసార్లు చదవండి.

ఇంత చేసినా ఆ ఇంజన్ ఒక పరుగులో పూర్తి పవర్‌తో పనిచేసేది నాలుగు సెకన్ల లోపే. ప్రతి పరుగు తర్వాతా విప్పి, మళ్ళీ బిగించాల్సిందే. ఆ నాలుగు సెకన్లలో వేగం గంటకు 500 కిలోమీటర్లు దాటుతుంది. 2008 జూన్‌లో స్కాట్ కాలిటా అనే డ్రైవర్, ఇదే రకం ఇంజన్ ఉండే ఫన్నీ కార్ క్లాసులో, ఇంజన్ పేలి, బండి ఆగక చనిపోయాడు. కొన్ని వారాల్లోనే ఆ క్లాసుల రేసు దూరాన్ని 1,320 అడుగుల నుంచి 1,000 అడుగులకు కుదించారు. మిగిలిన 320 అడుగులూ దేనికి? ఆగడానికి. 11,000 గుర్రాలున్న ఆట చివరికి బ్రేకుల కోసం తన ట్రాక్‌నే కోసుకుంది.

ఫార్ములా వన్ కథ ఇంకో రకం. 1980ల టర్బో రోజుల్లో బీఎండబ్ల్యూ 1.5 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్ క్వాలిఫయింగ్‌లో 1,200 హార్స్‌పవర్ దాటేదని చెప్పుకుంటారు. దాని బ్లాక్ మామూలు కార్ల ఎం10 ఇంజన్ నుంచి వచ్చిన ఇనప బ్లాకే. గొప్ప సంగతే. కానీ ఆ పవర్ కొన్ని ల్యాపుల ముచ్చట.

2014లో రూల్స్ మార్చారు. 1.6 లీటర్ల వీ6 హైబ్రిడ్, పైగా గంటకు 100 కిలోలకు మించి ఇంధనం పారకూడదు. ఇక్కడ పెన్ను తీయండి. కిలోకి సుమారు 44 మెగాజౌళ్ళు అనుకుంటే, 100 కిలోలంటే గంటకు 4,400 మెగాజౌళ్ళు. అంటే దాదాపు 1,220 కిలోవాట్లు, రమారమి 1,640 హార్స్‌పవర్. ఇది అందరికీ ఒకటే. ఇంజన్ ఎఫిషియెన్సీ 30 శాతమైతే చేతికొచ్చేది 490. 50 శాతమైతే 820. 2017లో మెర్సిడెస్ తన ఇంజన్ టెస్ట్ బెంచ్ మీద 50 శాతం దాటిందని ప్రకటించింది. ఇంధనానికి కళ్ళెం వేయగానే, వృథా తగ్గించినవాడే ఎక్కువ గుర్రాలున్నవాడయ్యాడు. మన స్టూడెంట్ పోటీల్లో కూడా అంతే కదా. ఫార్ములా స్టూడెంట్‌లో 710 సీసీ దాకా ఏ ఇంజనైనా పెట్టుకో, గాలి మాత్రం 20 మిల్లీమీటర్ల రంధ్రంలోంచే రావాలి. కొత్త రూపాయి బిళ్ళంత! ఆ బిళ్ళంత సందులోంచి ఏం చేస్తావో అదే నీ ఇంజనీరింగ్.

ఇవన్నీ దూరం కథలు అనుకుంటే, మన తెలుగు నేల మీద జరిగిన రేసు ఒకటుంది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు, నిక్ కాసిడీ రెండో స్థానం. మరుసటి ఏడు జరగాల్సిన రేసు రద్దయింది. అప్పుడు మనవాళ్ళలో చాలామంది ఆ కార్లను చూసి పెదవి విరిచారు. సౌండ్ లేదు, పవర్ 350 కిలోవాట్లే, అంటే 470 హార్స్‌పవర్, ఇదేం రేసు అని. నేనూ అన్నాను. అప్పుడు స్పెక్ షీట్‌లో రెండో లైన్ చదవలేదు. ఆ జెన్ 3 కారు బ్రేక్ వేసినప్పుడు వెనక్కి రాబట్టుకోగలిగే శక్తి 600 కిలోవాట్ల దాకా. అంటే 800 హార్స్‌పవర్. పరిగెత్తే గుర్రాలకంటే ఆపే గుర్రాలు ఎక్కువున్న రేస్ కారు అది! ఆ కారు ముందు మోటారు రేసులో చక్రాలను తోయదు కూడా, బ్రేక్ వేసినప్పుడు కరెంటు పట్టుకోవడానికే ఉంది.

సరే, ఇప్పుడు మన కొండ లెక్క. బస్సు బరువు 10 టన్నులు అనుకోండి. అలిపిరికీ తిరుమలకీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు అనుకోండి. ఎంజీహెచ్ కడితే 68.6 మెగాజౌళ్ళు, అంటే 19 యూనిట్ల కరెంటు. దిగేటప్పుడు ఇంత శక్తినీ ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి. దాన్ని 40 నిమిషాల మీద పరిస్తే సగటున 38 హార్స్‌పవర్. మా టీమ్ పోస్టర్ మీద వేసుకున్న నంబర్‌కి కాస్త తక్కువ! 20 నిమిషాల్లో దిగేస్తే అది 76 అవుతుంది. టైర్ల రాపిడి, గాలి నిరోధం కొంత మింగినా, మిగతాదంతా బ్రేకులూ ఇంజనూ భరించాల్సిందే. డ్రమ్ములు కాలి, పట్టు జారేది అప్పుడే. మేం నవ్వుకున్న ఆ రూలు అసలు ఒక పవర్ లిమిట్ అన్నమాట. టైమ్ రూపంలో రాశారు, అంతే.

ఈ లెక్క నాయనకి చూపించాను. కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఏ గేరులో ఎక్కినామో ఆ గేరులోనే దిగల్ల అని మా ఇన్‌స్ట్రక్టర్ చెప్పేవాడు. ఇదేనా అది?" అన్నాడు. అదే నాయనా.

2022 నుంచి కొండకి ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి కదా. అవి దిగేటప్పుడు ఆ 19 యూనిట్లలో కొంత తిరిగి బ్యాటరీలోకి వెళ్తుంది. హుస్సేన్ సాగర్ దగ్గర రేస్ కారు చేసిన పనే, మన సప్తగిరి బస్సు గోవింద నామాల మధ్య రోజూ చేస్తోంది. మనం మాత్రం అందులో కూర్చుని ఫోన్లో డ్రాగ్‌స్టర్ వీడియోలు చూస్తున్నాం.

"పవర్ లేకపోతే మజా ఏముంది బ్రో?" అని మా టీమ్‌లోనే అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఆ వీడియో చూడకపోతే నేనీ షెడ్డులోకి వచ్చేవాణ్ణే కాదు. గుర్రాలు మనల్ని గుమ్మం దాకా లాక్కొస్తాయి, ఒప్పుకుంటాను. కానీ లోపలికొచ్చాక కూడా గుర్రాల్నే లెక్కపెడుతూ కూర్చుంటే, మా కారులాగా లారీ ఎక్కి ఇంటికి రావాల్సిందే. సైలెన్సర్ పీకేసి బైపాస్ మీద రయ్యిమని పోయే మన తమ్ముళ్ళకీ ఇదే మాట. సౌండ్ పెరిగింది. టైరు పట్టు, బ్రేక్ డిస్కు ఏమైనా పెరిగాయా? మాకు పోయింది ఒక ట్రోఫీ మాత్రమే. రోడ్డు మీద మూడో ఛాన్స్ ఇచ్చే టెస్ట్ ఉండదు.

చదువు అయ్యాక మనలో కొందరు శ్రీసిటీలో ఇసుజుకో, మాదనపాలెం హీరోకో, చినపండూరు అపోలో టైర్లకో పనికి వెళ్తారు. అక్కడ ఎక్కువ రోజులు చేసేది వేడినీ అరుగుదలనీ బరువునీ తగ్గించే పనే. దానికి పోస్టర్ ఉండదు. కానీ బండి ఇంటికి చేరేది దానివల్లే.

ఈ ఏడాదికి టీమ్ మీటింగులో నేను మూడు మాటలు పెట్టాను. బ్రేకులు, కూలింగ్ మొదటి నెలలోనే బిగించాలి. ఇంజన్ ట్యూనింగ్ వాటి తర్వాతే. పోస్టర్ మీద హార్స్‌పవర్ పక్కనే ఆగే దూరం కూడా వేయాలి. ఓటింగులో ఒక్క ఓటుతో గట్టెక్కింది. అంటే టీమ్‌లో సగం మందికి నా మీద ఇంకా కోపంగానే ఉంది.

ఈ సెమిస్టర్‌లో టీమ్‌లో చేరాలనుకునే జూనియర్లు శనివారం సాయంత్రం వర్క్‌షాప్ వెనక షెడ్డుకి రండి. నాతో గొడవ పడాలనుకునేవాళ్ళూ రావచ్చు. కారు స్టార్ట్ చేసి వినిపిస్తాం, సౌండ్ బాగుంటుంది. ముందు మాత్రం బ్రేక్ పెడల్ తొక్కి చూడాలి. ఈసారి గట్టిగా ఉంది.