గుర్తుకు పేరు పెట్టే హక్కు

కంప్యూటరు ప్రయోగశాలలో ఒక విద్యార్థి ప్రోగ్రామును పైకి చదువుతూ '#' వద్ద ఆగి, "నాలుగు గీతల గుర్తు" అన్నాడు. తరగతి నవ్వింది. ఆ పిల్లవాడు మరల నోరు విప్పలేదు. ఆ నవ్వు సబబు కాదని నా అభిప్రాయం.

ఆ గుర్తును కొందరు హ్యాష్ అంటారు. అమెరికాలో పలువురికి అది పౌండ్. సీ షార్ప్ అనే భాష పేరులో అదే షార్ప్. ఆశ్చర్యార్థకం ప్రోగ్రామర్ల నోట బ్యాంగ్ అయింది. 1972లో ప్రిన్‌స్టన్ విద్యార్థులు డాన్ వుడ్స్, జేమ్స్ లయన్ వినోదార్థం సృష్టించిన ఇంటర్‌కాల్ భాషలో జంట ఉద్ధరణ చిహ్నం పేరు 'కుందేలు చెవులు'. ఈమెయిలు చిరునామాలోని '@' ఇటలీవారికి నత్త, రష్యావారికి కుక్క.

ఇది మనకు మాత్రం కొత్తా? తెలుగులో కొమ్ము, తలకట్టు, వలపల గిలక, బండి ఱ ఉన్నవి. ఉర్దూలో దో చష్మీ హే, అనగా రెండు కన్నుల హే, ఉన్నది. చూచిన రూపానికి తెలిసిన మాట తొడిగి మన పెద్దలు అక్షరాలను సొంతం చేసుకున్నారు.

యంత్రం గుర్తునే గాని పేరును ఎరుగదు. నలుగురితో కలిసి పనిచేయుటకు నలుగురూ వాడే పేరు నేర్పవలసినదే. అయితే అది విద్యార్థి చెప్పిన పేరు ప్రక్కన నిలవాలి, దానిని నవ్వి తరిమివేసి కాదు. పలుకుటకు భయపడిన గుర్తును ఎవరూ ధైర్యంగా వాడలేరు.